లూదియా చూసుకున్న బ్యాటరీ

మదనపల్లె క్షయ శానిటోరియానికి బయల్దేరే ముందురోజు సాయంత్రం పౌలు పెళ్లాన్ని కారు దగ్గరికి పిలిచాడు. లూదియా ట్రంకు పెట్టెలో అతని దుప్పట్లు సర్దుతోంది. సగంలో వదిలేసి బయటికొచ్చింది.

నంద్యాలలో చర్చి వెనక వీధిలో వాళ్ల ఇల్లు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో నల్ల ఆస్టిన్ కారు. అది ఒకప్పుడు ఒక మిషనరీ దొరసానిది. పౌలు ఆమె దగ్గర చాలా ఏళ్లు డ్రైవరుగా ఉన్నాడు. ఆమె తన దేశానికి వెళ్లిపోతూ కారును అతనికే వదిలిపోయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు పౌలు దాన్ని టాక్సీ చేసి రైల్వేస్టేషను ముందు పెట్టాడు. అహోబిలం పోయే భక్తులను ఎక్కించుకుని ఆళ్లగడ్డ మీదుగా తీసుకుపోయేవాడు. వాళ్లు కొండెక్కి నరసింహస్వామిని చూసి దిగేదాకా కింద కారు మెట్టు మీద కూర్చుని బైబిలు చదువుకునేవాడు. వాళ్లు ప్రసాదం పెడితే కళ్లకద్దుకోకపోయినా కింద పడనిచ్చేవాడు కాదు. మంచి డ్రైవరని పేరు. దగ్గు మొదలై, అందులో రక్తం కనిపించేదాకా ఆ కారు ఒక్కరోజు కూడా షెడ్డులో పడుకోలేదు.

పౌలు బానెట్ ఎత్తి నిలబెట్టాడు. ఆ మాత్రానికే ఆయాసం వచ్చింది.

"ఇట్ల రా. ఇది సూడు," అన్నాడు. "బండికి ఇంకేమైనా రిపేరీ చేసుకోవచ్చు. ఇది మాత్రం ఊరకే పెడితే సస్తాది. ఒకసారి సస్తే మళ్లా లేచేది కష్టం."

లూదియా వంగి చూసింది. నల్లటి పెట్టె. పైన వరసగా మూతలు, రెండు చివర్లలో సీసపు మొలకలు, వాటికి తగిలించిన లావు తీగలు. ఇన్నేళ్లుగా ఆ కారు ఇంట్లోనే ఉన్నా దాని పొట్టలో ఏముందో ఆమె ఎప్పుడూ చూడలేదు.

పౌలు ఒక్కొక్కటీ చేసి చూపించాడు. మూతలు తిప్పి తీసి లోపల రేకులు నీళ్లలో మునిగున్నాయో లేదో చూడాలి. తేలితే నీళ్లు పోయాలి, అదీ వాననీళ్లే. బావి నీళ్లు, కొళాయి నీళ్లు పోస్తే లోపల పాచి కట్టినట్టు కట్టి పాడవుతుంది. మొలకల మీద తెల్లగా, పచ్చగా తుప్పు పువ్వులాగ పూస్తుంది. వేడినీళ్లతో కడిగి, తుడిచి, వాసలైను పూయాలి. కారు నిలిపి ఉన్నన్నాళ్లు ఒక తీగ విప్పి పక్కకు పెట్టాలి.

"వారానికొకపారి తీగ బిగించి స్టార్ట్ చెయ్యాల. చేసి ఎంటనే ఆపొద్దు. స్టార్ట్ చేసినప్పుడు పోయిన బలం మళ్లా దానికి రావల్ల గదా. ఈడ ముల్లుంది సూడు," అని డ్రైవరు సీటు ముందున్న చిన్న గడియారంలాంటిదాన్ని చూపించాడు. "ఇంజను తిరుగుతాంటే ఇది కూడిక గుర్తు పక్కకు పోతాది. బ్యాటరీ కడుపు నిండేకొద్దీ మధ్యకొస్తాది. అది మధ్యకొచ్చేదాకా ఆపొద్దు."

"నాకెట్ల చేతనవుతాదయ్యా ఇదంతా?"

"అన్నం వండుతావు గదా. అంతే ఇది గూడా."

తర్వాత కారు ముందు దూర్చి తిప్పే హ్యాండిలు చేతికిచ్చాడు. చలి రోజుల్లో స్టార్టరు మీట నొక్కి బ్యాటరీని పీల్చొద్దని, హ్యాండిలుతో తిప్పమని చెప్పాడు. బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే పెట్టి పట్టుకోవాలనీ, లేకపోతే అది వెనక్కి తన్నినప్పుడు చెయ్యి విరుగుతుందనీ ఆమె వేళ్లను తన చేత్తో సర్ది చూపించాడు. జ్వరంతో అతని చెయ్యి కాలుతోంది.

"నేనొచ్చేసరికి బండి మీట నొక్కితే లేవల్ల," అన్నాడు.

"లేస్తాది," అంది లూదియా.

మరుసటి రోజు తమ్ముడు యోహాను వచ్చి అన్నను రైలెక్కించుకుని తీసుకుపోయాడు. యోహాను ఆళ్లగడ్డలో స్కూలు టీచరు. అన్నను శానిటోరియంలో చేర్చి తిరిగొస్తూ నంద్యాలలో దిగి, వదినతో మెల్లగా అన్నాడు.

"కారు అమ్మేస్తే బాగుంటాది వదినా. ఆళ్లగడ్డలో పుల్లయ్య అని మంచి రైతుండాడు. ఎప్పట్నుంచో అడుగుతాండాడు."

"మీ అన్న వచ్చి ఏం నడపాల?"

యోహాను తల దించుకుని చెప్పులు వేసుకున్నాడు. అత్త దేవమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఆమె కూడా తలెత్తలేదు.

లూదియా ఆడపిల్లల హాస్టలు వంటింట్లో పనికి కుదిరింది. పొద్దున్నే పోయి సాయంత్రానికి వచ్చేది. ఆదివారం చర్చి నుంచి రాగానే మంచి చీర విప్పి పాతది కట్టుకుని షెడ్డులోకి వెళ్లేది. మొదట్లో బ్యాటరీ నీళ్లు చిందిన చోటల్లా చీరకు చిల్లులు పడ్డాయి. ఆ చీరనే కారు చీర చేసుకుంది. హ్యాండిలు తిప్పడానికి మొదట్లో నడుము విరిగినంత పనయ్యేది. ఇంజను అందుకోగానే పరిగెత్తిపోయి సీట్లో కూర్చుని ముల్లు చూస్తూ ఉండేది. వీధిలో పిల్లలు గుమిగూడేవాళ్లు. మొగుడు లేని ఇంట్లో ఆడమనిషి కారులో కూర్చోవడం ఏందని పక్కింటి లింగమ్మ నవ్వింది. ఆ నవ్వు కొన్నాళ్లకు దానంతటదే పోయింది.

వానలు మొదలైనప్పుడు తొలి వానను పోనిచ్చేది. గాలిలో దుమ్ము కడుక్కుపోయాక, వాకిట్లో ఉతికిన గుడ్డ నాలుగు కట్టెలకు కట్టి, దాని కింద జాడీ పెట్టేది. ఆ నీళ్లను ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న గాజు సీసాల్లో పోసి బిరడా బిగించి దేవమ్మ మంచం కింద దాచేది. దేవమ్మ గొణిగేది.

"తాగే నీళ్లకు గూడా ఇంత జాగ్రత్త పడ్తివా నువ్వు ఎప్పుడైనా?"

"నీ కొడుకు చెప్పిపోయినాడు అత్తా."

కొడుకు మాటెత్తితే దేవమ్మ ఊరుకునేది.

ఆ ఏడు చర్చి పండగ కూటాలకు మైకు పెట్టారు. వీధి చివర మైదానంలో కరెంటు లేదు. సంఘపెద్ద జకరయ్య వచ్చి మూడు రోజులకు బ్యాటరీ ఇమ్మని అడిగాడు.

"దేవుని పనికే గదమ్మా."

"ఇయ్యల్యాను పెద్దాయనా."

"పౌలుంటే ఇచ్చేవాడు."

"ఆయనుంటే ఆయనిస్తాడు. ఆయన ల్యాడు గదా. నాది గాదు అది ఇచ్చేకి."

ఆ మాట సంఘంలో చాలామందికి నచ్చలేదు. ఆ కూటాల్లో లూదియా పక్కన కూర్చోవడానికి ఆడవాళ్లు కాస్త వెనకాడారు. ఆమె వెనక వరసలో ఒక్కతే కూర్చుని పాటలు పాడి ఇంటికొచ్చింది.

హాస్టలుకు సెలవులిచ్చినప్పుడల్లా మదనపల్లె పోయి వచ్చేది. పొడవాటి వరండాలో మంచాలు వరసగా వేసి ఉండేవి. పౌలు మంచం చివరలో. ఆమె కనబడగానే అతను లేచి కూర్చునేవాడు. అమ్మ ఎట్లుంది, యోహాను ఎట్లున్నాడు అని అడిగాక, కాస్త ఆగి, అసలు సంగతి అడిగినట్టు అడిగేవాడు.

"ముల్లు యాడుంటాంది?"

"మధ్యకొచ్చేదాకా ఆపడం ల్యా."

"నీళ్లు?"

"మునిగే ఉండాయి రేకులు."

అప్పుడతను వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, మెల్లగా నవ్వేవాడు. తర్వాత ఆమె మొలకలు కడిగిన సంగతి, వాసలైను అయిపోయి ఆముదం పూద్దామనుకుని మానేసిన సంగతి, హ్యాండిలు తన్నితే చెయ్యి వాచిన సంగతి అన్నీ చెప్పేది. గంట కొట్టి పొమ్మనేదాకా ఆ మాటలే.

రెండో వేసవిలో పౌలుకు ఆపరేషన్ చేశారు. ఎడమపక్క పక్కటెముకలు కొన్ని తీసేశారు. లూదియా వేసవి సెలవులన్నీ అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చి షెడ్డులో బానెట్ ఎత్తి మూతలు తీసేసరికి లోపల నీళ్లు ఆవిరైపోయి రేకులు తెల్లబడి ఉన్నాయి. తీగ బిగించి మీట నొక్కితే ఇంజను మూలగను కూడా మూలగలేదు.

ఆమె కారు మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి సీసాల్లోని వాననీళ్లు దానిలో పోసింది. బ్యాటరీ విప్పి గోనెపట్టాలో పెట్టి, లింగమ్మ కూడా ఒక చెయ్యి వేస్తే జట్కాలోకెక్కించి, స్టేషను రోడ్డులో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే సాయిబు దగ్గరికి తీసుకుపోయింది.

సాయిబు మూతలు తీసి చూసి పెదవి విరిచాడు.

"ఎండబెట్టినావు గదమ్మా."

"బతుకుతాదా?"

"సూడాల. నిదానంగా ఎక్కించాల. తొందరగా ఎక్కించితే లోపల రేకులు వంగిపోతాయి. నేను చెప్పేదాకా అడగొద్దు."

ఆమె అడగలేదు. కానీ రోజూ హాస్టలు పని కాగానే వచ్చి దుకాణం అరుగు మీద కూర్చుని పోయేది. సాయిబు గాజు గొట్టంతో నీళ్లు పీల్చి, అందులో తేలే బిళ్లను వెలుగులో పట్టి చూసి, మళ్లీ వదిలేవాడు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం, "తీస్కపో తల్లీ. కొత్తదాని బలం రాదు గానీ, సూసుకుంటే నడుస్తాది," అన్నాడు. లూదియా అతనికి నమస్కారం పెట్టింది. ఇంటికి తెచ్చి బిగించి మీట నొక్కింది. ఇంజను అందుకుంది. ముల్లు కూడిక గుర్తు వైపు పోయి నిలబడింది. దేవమ్మ గుమ్మంలోకొచ్చి, "లేసిందా?" అని అడిగి, అట్లే నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి చలికాలంలో పౌలు ఇంటికొచ్చాడు. ఎడమ భుజం కుంగిపోయింది. ఆ చేత్తో చెంబు కూడా ఎత్తలేడు. స్టేషనులో అతన్ని చూసి లూదియా గుర్తుపట్టింది గానీ, పక్కనున్న లింగమ్మ పట్టలేదు.

వచ్చిన కొత్తలో అతను మంచం మీద నుంచి షెడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. దగ్గరికి మాత్రం పోలేదు. కాస్త బలం రానీ అనుకుంది లూదియా. ఒకరోజు పొద్దున్నే గంజి తాగి, చొక్కా వేసుకుని, "ఆళ్లగడ్డకు పోయొద్దాం పా," అన్నాడు.

"బస్సుకా?"

"బస్సెందుకు? బండి ల్యాదా?"

లూదియా షెడ్డులో తీగ బిగించి వచ్చి, లోపలికి పోయి పెట్టె అడుగు నుంచి నీలం చీర తీసి కట్టుకుంది. ఆ చీరకు ఒక్క చిల్లు కూడా లేదు. పౌలు సీట్లో కూర్చుని, తాళం తిప్పి, ఆమె మొహంలోకి ఒకసారి చూసి మీట నొక్కాడు. నొక్కడం ఆలస్యం, ఇంజను లేచింది. అతను చెయ్యి మీట మీదే పెట్టుకుని తల వంచుకున్నాడు. భుజాలు కదులుతుంటే దగ్గనుకుంది. దగ్గు కాదు.

ఎడమ చేత్తో గేరు వెయ్యడం అతని వల్ల కాలేదు. ఊరు దాటకముందే ఇద్దరికీ అర్థమైంది. అతను కాలితో క్లచ్ తొక్కి, "ఊఁ," అనేవాడు. ఆమె రెండు చేతులా కర్ర పట్టుకుని అతను చెప్పిన వైపు లాగేది. మొదట గరగరమంది. తర్వాత కుదిరింది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలలో జొన్న కంకి మీదుంది. చలిగాలి మొహానికి కొడుతుంటే లూదియా కొంగు తల మీదికి లాక్కుని, కర్ర మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతని పక్కన ముందు సీట్లో కూర్చుని పోవడం అదే మొదలు. ఆ సీట్లో ఎప్పుడూ బాడుగకొచ్చినవాళ్లే కూర్చునేవాళ్లు. రోజూ ఇట్లనే పోవచ్చు, తనే గేర్లు వేస్తుంది, హాస్టలు పని మానేస్తుంది అనుకుంది. ఆ మాట పైకి అనబోయింది కూడా.

శిరివెళ్ల దాటాక పౌలు చింతచెట్ల కింద కారు ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

"ఎందుకు నిలిపితివి? నొప్పిగా ఉందా?"

"నీకొక మాట చెప్పాల."

"చెప్పు."

"బండిని పుల్లయ్యన్నకు ఇచ్చేస్తాండా. ఈపొద్దే. మనం తిరిగి బస్సులో పోతాం."

లూదియాకు మొదట ఆ మాట తలకెక్కలేదు. ఎక్కాక కర్ర మీద నుంచి చెయ్యి తీసేసింది.

"యోహాను చెప్పినాడా?"

"నేనే మాట్లాడి పెట్టమన్నా. ఆపరేషన్ కాకముందే."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే."

నిండుగా ధాన్యం వేసుకుని పోతున్న ఎద్దులబండి ఒకటి వాళ్లను దాటిపోయింది. లూదియా అది దూరం పోయేదాకా చూసింది.

"ఆపరేషన్ కాకముందే అనుకుంటివా?" అంది. "మరి నేనొచ్చినప్పుడల్లా ముల్లు యాడుంటాందని ఎందుకడిగితివి నన్ను?"

పౌలు స్టీరింగు మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

"నువ్వు చెప్తాంటే వినాలనిపిస్తాండె," అన్నాడు. "రాత్రంతా దగ్గి దగ్గి, తెల్లారితే పక్క మంచం ఖాళీగా ఉంటాండె. నువ్వొచ్చి రేకులు మునిగే ఉండాయి అంటే... ఇంటికి పోతా అనిపిస్తాండె."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఒక పక్క ఊపిరితిత్తి పనిచెయ్యదు. రెండో పక్క గూడా మొదలైంది. ఇంటికి పోయి ఉండమన్నారు."

ఆమెకు అరవాలనిపించింది. అతని చొక్కా పట్టుకుని ఊపాలనిపించింది. ఎముకలు తీసేసిన ఆ ఎడమ పక్కను చూసి చెయ్యి ఎత్తలేకపోయింది. ఇంజను మెల్లగా తిరుగుతోంది. అలవాటు కొద్దీ ఆమె చూపు ముల్లు మీదికి పోయింది. అది మధ్యలో కదలకుండా ఉంది.

"అమ్మకూ నీకూ ఏదో ఒక ఆధారం ఉండాల గదా మే," అన్నాడు పౌలు. "బండి బాగున్నప్పుడే ఇచ్చేయాల. నువ్వు సూసుకున్నెందుకే అది బాగుండాది."

లూదియా కొంగుతో మొహం తుడుచుకుంది.

"పా. పొద్దెక్కుతాంది," అని మళ్లీ కర్ర పట్టుకుంది.

పుల్లయ్య ఇల్లు ఆళ్లగడ్డ బజారుకు కాస్త ఎడంగా ఉంది. యోహాను అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వదిన మొహం చూసి లేచి నిలబడ్డాడు. పుల్లయ్య యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. కారు చుట్టూ తిరిగి, ఎక్కి మీట నొక్కి, ఆపి, మళ్లీ నొక్కాడు. రెండుసార్లూ అది ఠక్కున లేచింది.

"రెండేండ్లు నిలిపిన బండేనా ఇది?" అని అడిగాడు.

"నాకేం తెల్దన్నా. అంతా ఆమే సూసుకునింది," అన్నాడు పౌలు. "బ్యాటరీ సంగతి ఆమెను అడుగు."

పుల్లయ్య కారు దిగి లూదియా దగ్గరికొచ్చాడు.

"చెప్పమ్మా. నేను నేర్చుకుంటా."

లూదియా ఒక అడుగు వెనక్కి వేసింది. తల అడ్డంగా ఊపి వెళ్లిపోదామనుకుంది. పౌలు అరుగు స్తంభానికి ఆనుకుని ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె పోయి బానెట్ ఎత్తింది.

"నీళ్లు తగ్గితే వాననీళ్లే పోయాల," అని మొదలుపెట్టింది. "బావివి పొయ్యొద్దు. ఎండాకాలం అనుకున్నదాని కన్నా తొందరగా తగ్గుతాయి. నేనొకసారి మోసపోయినా. ఈ మొలకల మీద పూస్తాంటే వేడినీళ్లతో కడగండి. గుడ్డతో తుడవకుండా వాసలైను పెట్టొద్దు. ఊరకే నిలిపినప్పుడు ఈ తీగ తీసి పెట్టండి. రేడియోకని, మైకుకని ఎవరడిగినా ఇయ్యొద్దు."

పుల్లయ్య ప్రతి మాటకూ తలూపాడు. ఆమె ముల్లు దగ్గరికొచ్చింది. వేలు పెట్టి చూపించింది.

"ఇది మధ్యకొచ్చేదాకా ఇంజను ఆపొద్దు."

అంతవరకే చెప్పగలిగింది. పుల్లయ్య భార్య కమలాక్షమ్మ కాఫీ తాగి పొమ్మంది. లూదియా బస్సు టైమవుతుందని చెప్పి, వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచింది.

బస్సులో పౌలుకు కిటికీ పక్కన చోటిచ్చింది. ఊరు దాటగానే అతను ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. అతని బరువు ఎంత తక్కువో ఆమెకు అప్పుడు తెలిసింది. కోపం ఇంకా అట్లే ఉంది. కోపంతోనే, గాలి తగలకుండా అతని చెవుల మీదుగా తన కొంగు కప్పింది.

ఆ చలి పోకముందే పౌలు చనిపోయాడు. పెద్దగా బాధపడలేదు. ఒకరోజు తెల్లవారుజామున దేవమ్మ ప్రార్థన చేస్తుండగా, ఆమె ఆమెన్ అనేసరికి అతను లేడు. జకరయ్యే దగ్గరుండి అన్నీ చేయించాడు. సంఘమంతా వచ్చింది. సాయిబు దుకాణం మూసుకుని సమాధుల తోట దాకా నడిచాడు. లూదియా ఏడవలేదు. పెట్టె దింపుతున్నప్పుడు కూడా మట్టి వైపు చూస్తూ నిలబడింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేవమ్మ మాత్రం కోడలి చెయ్యి వదల్లేదు.

ఎండలు ముదిరాక యోహానుకు కూతురు పుట్టిందని కబురొచ్చింది. దేవమ్మకు కదిలే ఓపిక లేదు. బాలింతకు కావలసినవి మూట కట్టి లూదియాను పంపించింది. బస్సు శిరివెళ్లలో ఆగింది. డ్రైవరు దిగి టీ తాగొచ్చి మీట నొక్కాడు. ఇంజను ఒకసారి మూలిగింది. మళ్లీ నొక్కితే ఇంకా సన్నగా మూలిగింది. మూడోసారి టక్కుమని ఊరుకుంది.

ఆ చప్పుడేమిటో బస్సంతటిలో లూదియాకే ముందు తెలిసింది.

"దిగండప్పా, దిగండి. అందరూ ఒక చెయ్యెయ్యండి," అని కండక్టరు కేకేశాడు. "ఆడోళ్లు కూచోండి."

లూదియా మూట సీటు మీద పెట్టి దిగింది. మగవాళ్ల మధ్య చోటు చేసుకుని, కాగిన రేకు మీద రెండు అరచేతులూ ఆనించి తోసింది. బస్సు కదిలింది. కాస్త దూరం ఉరికింది. కుదుపుతో ఇంజను అందుకుని పొగ కక్కింది. అందరూ నవ్వుకుంటూ, చేతులు దులుపుకుంటూ ఎక్కడానికి పరుగెత్తారు.

ఆమె రోడ్డు మధ్యలో అట్లే నిలబడిపోయింది. చేతులు ముందుకు చాచే ఉన్నాయి. లోపలి నుంచి ఏదో తోసుకొచ్చింది. ఆపుకుందామని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. అక్కడే, దుమ్ములో, మోకాళ్ల మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

కండక్టరు దిగి వచ్చాడు. చిన్న వయసువాడు, ఏం చెయ్యాలో తెలియక పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏందమ్మా? చెయ్యి నలిగిందా?"

లూదియా తలూపింది.

"యాడ నలిగింది? సూపించు."

ఆమె ఎర్రగా కందిన రెండు చేతులూ అతని ముందు చాపింది. అతను వాటిని చూసి, గాయమేమీ కనిపించక, బస్సు వైపు తిరిగి డ్రైవరుకు సైగ చేశాడు.

"ఇంజను ఆపొద్దు అన్నా. ఆమె కొంచెం తేరుకోనీ," అన్నాడు.

బస్సు రోడ్డు పక్కన గుడగుడమంటూ నిలబడింది. లోపలివాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు. ముసలమ్మ ఒకతె కిటికీలోంచి చెంబుతో నీళ్లు అందించింది. లూదియా తాగింది, మొహం కడుక్కుంది. తర్వాత కండక్టరు చెయ్యి పట్టుకుని లేచి, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆళ్లగడ్డ వచ్చేదాకా ఏడుస్తూనే పోయింది.